పుట్టింటివాళ్లు వస్తున్నారు: ఎదురుగా నీళ్లుండి, భోజనం కూడా బాగుండే చోటు ఉందా?

బరంపురం కోడలు

అందరికీ నమస్తే. సంక్రాంతి వెళ్లాక మా పుట్టింటివాళ్లు రాజమండ్రి నుంచి ఇక్కడికి, ఒడిశాలోని బరంపురానికి, దిగుతున్నారు. అమ్మానాన్నా, పెదనాన్నగారి కుటుంబం, అన్నయ్యావాళ్లు, పిల్లలు, మొత్తం 14 మంది. గోదావరి ఒడ్డున పుట్టిపెరిగిన మనుషులు, చేప విషయంలో వాళ్లని మెప్పించడం మహా కష్టం. పెదనాన్నగారైతే ఎక్కడ ఏం తిన్నా "మా ఊళ్లో అయితేనా..." అని మొదలెడతారు. అమ్మ చేప ముట్టదు. పెద్దమ్మ అయితే ఉల్లి, వెల్లుల్లి కూడా తినదు.

సముద్రమో చిల్కా సరస్సో కనబడాలి, పెద్దవాళ్లు కూర్చోడానికి నీడ ఉండాలి, భోజనం బాగుండాలి. మా ఆయన్ని అడిగితే "గోపాల్‌పూర్ బీచికి తీసుకెళ్తే సరి" అంటారు. నా పెళ్లయినప్పటినుంచి ఏ చుట్టం వచ్చినా అదే మాట. ఇంకేమైనా ఉంటే చెప్పండి బాబూ.

గేట్‌బజారు కుర్రాడు

అక్కా, నీళ్లు కనబడేచోట భోజనం బాగోదు. భోజనం బాగున్నచోట మురిక్కాలవ కనబడుతుంది. గంజాం జిల్లా రూలు ఇది. రెండిట్లో ఏదో ఒకటి ఎంచుకో.

ఛత్రపూర్ అల్లుడు

నూటికి నూరుపాళ్లు నిజం. నేను బరంపురంలో తిన్న బెస్ట్ మటన్ కూర, పాత బస్టాండు వెనక, బోర్డు కూడా లేని హోటల్లో. టేబుల్ పక్కనే టైర్లకి పంచర్లు వేస్తుంటారు.

గోపాల్‌పూర్ నాని

గేట్‌బజారు తమ్ముడూ, నువ్వు ఆదివారం సాయంత్రం వస్తావు, బండి ఆపడానికి చోటు దొరక్క విసుక్కుంటావు, పొద్దుటి చేపని మళ్లీ నూనెలో వేసి ఇస్తే తింటావు, ఇంటికెళ్లి ఇలా రాస్తావు. పొద్దున్నే రా. మావాళ్ల బోట్లు ఒడ్డుకి చేరే వేళ. బేరం తెలుగులోనే ఆడొచ్చు, ఒడ్డున వలలు దులిపేది చాలావరకు మనవాళ్లే. చందువ, వంజరం, రొయ్య, ఆరోజు ఏది పడితే అది. కొనుక్కుని వెనక సందుల్లో ఉన్న చిన్న హోటళ్లకి ఇస్తే వండిపెడతారు. కూలి ముందే మాట్లాడుకోవాలి.

మా పిన్ని వేపుడు చేసే తీరు చెప్తాను. ముక్కకి పసుపు, ఉప్పు, ఎండుమిర్చీ వెల్లుల్లీ కలిపి నూరిన ముద్ద పట్టించి కాసేపు పక్కన పెడుతుంది. వెడల్పాటి ఇనప పెనం, నూనె కొంచెమే. ముక్క వేశాక ఇక దాన్ని కదపదు. అంచులు ఎర్రబడి, ముక్క తనంతట తాను పెనం వదిలాకే తిప్పుతుంది. తొందరపడి అట్లకాడ పెడితే తోలంతా పెనానికే పోతుంది, "నాలుగు రూపాయల చేప పోతే పోయింది, వచ్చినోళ్ల ముందు పరువు పోతాది" అంటుంది.

ఒక్క మాట కోడలమ్మా. నవంబరు నుంచి మే దాకా రుషికుల్య నది మొగ దగ్గర తాబేళ్ల రక్షణ కోసం చేపల వేట నిషేధం ఉంటుంది. అందుకని జనవరిలో ఒక్కోరోజు సరుకు తక్కువ, రేటు ఎక్కువ. పెదనాన్నగారికి ముందే చెప్పి ఉంచండి.

భంజవిహార్ పాతకాపు

నాని రాసింది చదివాక నేనూ నాలుగు మాటలు రాయక తప్పలేదు.

బరంపురం యూనివర్సిటీ 1967లో పెట్టారు. మేం చేరిన రోజుల్లో భంజ విహార్ క్యాంపస్ చుట్టూ సరుగుడు చెట్లు, ఇసుక, గాలి తప్ప ఇంకేం ఉండేది కాదు. హాస్టల్ మెస్సులో పలచటి దాల్మా (కూరముక్కలు వేసిన పప్పు), లావు బియ్యం. ఇంటినుంచి మనియార్డరు వచ్చిన రోజు అద్దె సైకిళ్లు తీసుకుని, సైకిలుకి ఇద్దరం చొప్పున గోపాల్‌పూర్ పోయేవాళ్లం. వెళ్లేటప్పుడు గాలి ఎదురు. తొక్కేవాడికి ఒక ముక్క ఎక్కువ ఇవ్వాలని ఒప్పందం. పాత ఓడరేవు తాలూకు విరిగిన గోడల మీద కూర్చుని, అడ్డాకు దొన్నెల్లో వేడివేడి వేపుడు, దాని మీద పచ్చి ఉల్లిపాయ, నిమ్మకాయ. ఇసుక కూడా కొంచెం పళ్లకింద పడేది. ఆ రేవు నుంచే ఒకప్పుడు రంగూన్‌కి ఓడలు వెళ్లేవి. గంజాం, శ్రీకాకుళం ప్రాంతాలవాళ్లు కూలికి బర్మా వెళ్లింది అలాగే. వేపుడు అమ్మే ముసలాయన వాళ్ల నాన్న రంగూన్‌లో చూసిన వింతలు చెప్తుంటే, మేం వింటూ అప్పు పెట్టేవాళ్లం. వింటున్నంతసేపూ డబ్బులు అడిగేవాడు కాదు.

ఒడ్డునే తెల్లవాళ్ల కాలపు పామ్ బీచ్ హోటలు ఉండేది, ఇప్పుడు మేఫెయిర్ వాళ్లది. అప్పట్లో గేటు బయట నించుని లోపలి పచ్చగడ్డి చూసి వచ్చేవాళ్లం. ఈమధ్య మా అబ్బాయి లోపలికి తీసుకెళ్లి టీ తాగించాడు. టీ బాగుంది. సముద్రం గేటు బయటినుంచి చూసిందే.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. తర్వాత వెళ్లి చూస్తే దుకాణాల రేకులు ఇసుకలో సగం దిగబడి ఉన్నాయి. పొయ్యిలు మాత్రం మళ్లీ వెలిగిపోయాయి, తాటాకు చుట్టూ కట్టి. కాబట్టి గోపాల్‌పూర్‌ని తీసిపారెయ్యకమ్మా. మీ ఆయన చెప్పింది సగం రైటే.

బరంపురం కోడలు

పాతకాపు మాస్టారూ, ఈ సంగతి మా ఆయనకి చూపించను, మళ్లీ పట్టుకోలేం. మరి చిల్కా సంగతి? పిల్లలు డాల్ఫిన్లు చూస్తామని ఒకటే గోల.

రైల్వే రిటైర్డ్

డాల్ఫిన్లు సాతపడా వైపు, పూరీ నుంచి వెళ్లాలి. రంభ, బార్కుల్ వైపు వాటికోసం చూస్తే నీళ్లే కనబడతాయి. పిల్లలకి ఇప్పుడే చెప్పేయండి. అయితే జనవరి కాబట్టి పక్షులుంటాయి, అవి చూపించండి.

బోటువాళ్లకి డబ్బు కట్టకముందే చిల్కా చూసే ఉపాయం ఒకటుంది. మీవాళ్లు రాజమండ్రి నుంచి రైల్లో వస్తున్నారుగా, బరంపురంలో దింపకండి. బాలుగాఁలో ఆగే బండికి టికెట్టు తీయమనండి. ఛత్రపూర్, గంజాం, హుమ్మా దాటాక రంభ నుంచి కుడివైపు కిటికీలోకి చిల్కా వచ్చేస్తుంది, కొండలు ఎడమవైపు. పట్టాలు నీళ్లకి అంత దగ్గరగా పోతాయి. నా సర్వీసంతా ఆ లైన్లోనే గడిచింది. తెల్లారుజామున డ్యూటీ దిగి వచ్చేటప్పుడు మా ఆవిడ కట్టిన డబ్బా రంభ దాకా విప్పేవాణ్ని కాదు. పెరుగన్నం, మామిడికాయ ముక్క. కిటికీ ఊచల్లోంచి నీళ్ల మీద పడవల దీపాలు ఇంకా ఆరని వేళ. నాకు తెలిసి గంజాం జిల్లాలో ఇంతకన్నా మంచి డైనింగ్ టేబులు లేదు, సీటు కుడివైపు దొరకాలి అంతే.

గేట్‌బజారు కుర్రాడు

అది ఇంటినుంచి తెచ్చుకున్న డబ్బా కద మామయ్యా. హోటలు కాదు. నా రూలు చెక్కుచెదరలేదు.

చిల్కా చుట్టం

రంభా బార్కులా అంటే నా ఓటు రంభకే. బార్కుల్‌లో జనం ఎక్కువ, కాళీజాయి గుడికి వెళ్లే బోట్ల హడావుడి. రంభలో ప్రశాంతం. రెండుచోట్లా పాంథనివాస్ (ఒడిశా టూరిజం వాళ్ల హోటలు) ఉంది, నీళ్లకి ఎదురుగానే. పీత కూర, రొయ్యల కూర, ఖైంగా చేప ముందురోజే ఫోన్ చేసి చెప్పాలి. 14 మంది ఒక్కసారిగా ఊడిపడితే వాళ్లైనా ఏం చేస్తారు, చికెనూ పప్పూ పెడతారు. ఆ తర్వాత ఇక్కడికొచ్చి "చిల్కాలో చేపే లేదు" అని రాస్తారు.

బోటులో బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్ అనే చిన్న దీవి మీదుగా తిప్పుతారు. పాడుబడిన బంగళా గోడలుంటాయి. పేరు చూసి అక్కడ టిఫిను దొరుకుతుందనుకోకండి, కాకులు తప్ప ఎవరూ ఉండరు.

పీతలు కొనేటప్పుడు తూకం మీ కళ్లముందు వేయించండి. హైవే మీద ఒకచోట, పేరెందుకులెండి, మెనూలో "సైజుని బట్టి" అని రాసి ఉంది. సైజు ఎంతో వండాక గానీ చెప్పలేదు. బిల్లు చూసి మా బావగారు పీత కాళ్లు కూడా నమిలేశారు.

ఛత్రపూర్ అల్లుడు

భోజనాల సంగతి మీరు చూసుకోండి, టిఫిన్ల గురించి ఎవరూ మాట్లాడరేం? మాది గుంటూరు. పెళ్లయిన కొత్తలో మావయ్యగారు పొద్దున్నే బజారుకి తీసుకెళ్లి దొన్నెలో ఉప్మా పెట్టించారు. దాని మీద ఒక బరా (మన గారె లాంటిది) చిదిమి, ఆపైన గరిటెడు బఠాణీల ఘుగుని కుమ్మరించి, పైన పచ్చిమిరపకాయ. నేను బిత్తరపోయి "చట్నీ ఏదండీ?" అని అడిగాను. కొట్టువాడు ఘుగుని ఇంకో గరిటె వేశాడు. ఇడ్లీ అడిగితే దానిమీదా అదే.

ఇప్పుడు గుంటూరు వెళ్తే నాలుగో రోజుకి ఘుగుని కోసం నాలుక పీకేస్తుంది. మా అమ్మ "అల్లుడిగా పంపితే ఒరియావాడివై వచ్చావేంట్రా" అంటుంది. సాంబారు విషయంలో మాత్రం రాజీ పడలేదు. ఇక్కడి సాంబారులో తీపి ఎందుకో ఇప్పటికీ అర్థం కాదు.

మహేంద్రతనయ

అల్లుడుగారూ, మీరు తీపి సాంబారు తిన్నది ఎక్కడో గానీ, మా పర్లాకిమిడి రండి, చింతపండు దండిగా పోస్తాం.

కోడలమ్మా, నీళ్లే కావాలని ఎందుకు పట్టుబడుతున్నావు? కొండలు చూపించు. గోదావరి వాళ్లకి నీళ్లు కొత్తా? బరంపురం నుంచి దిగపహండి మీదుగా తప్తపాణి దాదాపు 50 కిలోమీటర్లు. గంధకం వేడినీటి బుగ్గ, చుట్టూ అడవి. పెద్దవాళ్ల మోకాళ్లకి ఆ నీళ్లు హాయి. అక్కణ్నుంచి ఘాటీ ఎక్కి ఇంకా ముందుకెళ్తే చంద్రగిరి. 1960ల్లో వచ్చి స్థిరపడిన టిబెట్ వాళ్ల క్యాంపులున్నాయి. జిరంగ్‌లో పెద్ద బౌద్ధ విహారం, దలైలామా 2010లో వచ్చి ప్రారంభించారు. గుడి ముందు రంగుల జెండాలు, వెనక కొండలు, ఆ పక్కనే చిన్న కొట్లలో మోమోలు, థుక్పా (నూడుల్స్ సూపు). క్యాబేజీ మోమోలుంటాయి, మీ అమ్మగారికి పనికొస్తాయి. కానీ ఉల్లి లేకుండా చేయమని ముందే చెప్పాలి, పెద్దమ్మగారికి అనుమానం.

మా చిన్నప్పుడు బయట తినడం అంటే హోటలు కాదు, రైలు. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో వేసిన బుల్లి రైలు, తర్వాత గుణుపురం దాకా పొడిగించారు. వేసవి సెలవల్లో అమ్మమ్మగారింటికి దాంట్లోనే. అది నడిచే వేగానికి దిగి, పక్క పొలంలో తేగలు కొనుక్కుని మళ్లీ ఎక్కినవాళ్లున్నారు. టెక్కలిలో ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు, పాతపట్నంలో గారెలు, ఇంటికి చేరేసరికి ఆకలి ఉండేది కాదు, అమ్మమ్మకి కోపం. 2011లో బ్రాడ్‌గేజి బండి వచ్చింది. వేగంగా పోతుంది, బాగానే ఉంది. గారెలమ్మే ఆవిడ మాత్రం కిటికీ అందుకోలేకపోతోంది, బోగీ ఎత్తు పెరిగిందిగా.

జయపురం జీపు

మీకు రెండో రోజు కూడా ఉంటే కోరాపుట్ రండి. దేవమాలి 1672 మీటర్లు, ఒడిశాలో అంతకన్నా ఎత్తైన శిఖరం లేదు. జనవరిలో తెల్లారుజామున పైకెక్కితే మేఘం కాళ్లకింద ఉంటుంది. తిండి మాత్రం మ్యాగీ, టీ. మేం ఇంటినుంచి పులిహోర, మాగాయ పట్టుకెళ్తాం. చలికి పులిహోర గట్టిపడి ముద్దలుగా ఊడొస్తుంది, అయినా ఆ గాలిలో అదే అమృతం. దిగొచ్చాక కోరాపుట్ టౌనులో కోరాపుట్ కాఫీ తాగండి, ఇక్కడి కొండల్లో పండించిందే. సంత రోజున వెళ్తే రాగి అంబలి దొరుకుతుంది. మీ పెద్దమ్మగారికి ఏ అభ్యంతరమూ ఉండదు.

బరంపురం కోడలు

జీపు అన్నయ్యా, బరంపురం నుంచి జయపురం ఎంత దూరమో గుర్తుందా? పెదనాన్నగారి నడుం సంగతి చూడాలి. ఇంకోసారి వస్తాం.

రైల్వే రిటైర్డ్

ఏ రోజు వెళ్తున్నారో చూసుకోండి. గురువారం, సోమవారం చాలా ఒడియా ఇళ్లలో నీచు వండరు, చిన్న హోటళ్లలో చేప తక్కువ తెస్తారు. కార్తీకంలో రాకపోవడం మంచిదైంది. ఆ నెలంతా ఇంచుమించు అందరూ శాకాహారమే, మనవాళ్లేమో వనభోజనాలు పెట్టుకుంటారు. పున్నమి మర్నాడు ఛాడఖాయి, నెల్లాళ్ల కరువంతా ఒక్కపూట తీర్చుకుంటారు. ఆరోజు చేపల మార్కెట్టులో రేటు అడగటానికి కూడా ధైర్యం కావాలి.

గేట్‌బజారు కుర్రాడు

పెద్దమ్మగారి కోసం నా సలహా. తారాతారిణి అమ్మవారి గుడి. రుషికుల్య ఒడ్డున కొండ, 999 మెట్లు. ఎక్కలేనివాళ్లకి రోప్‌వే ఉంది, కారు కూడా పైదాకా పోతుంది. పైనుంచి నది వంపు మొత్తం కనబడుతుంది. కింద కొట్లలో భోజనం మామూలే, కాబట్టి ఇంట్లో కట్టుకుని వెళ్లి చెట్టుకింద తినండి. మంగళవారం మాత్రం వద్దు, అమ్మవారి రోజు, జనం తొక్కేస్తారు.

బరంపురం కోడలు

వచ్చారు, తిరిగారు, వెళ్లారు. ఇల్లు సర్దుకునేసరికి ఇవాళైంది, అందుకే ఆలస్యం.

రైల్వే మామయ్యగారి మాట విన్నాం. బాలుగాఁలో దిగారు. పిల్లలు కిటికీల దగ్గర కొట్టుకున్నారట, కుడివైపు నాదంటే నాదని. పెదనాన్నగారు మాత్రం నిద్రపోయారు. దిగాక "చిల్కా ఎక్కడ?" అన్నారు.

అక్కణ్నుంచి వ్యానులో రంభ. ముందురోజు ఫోన్ చేసి చెప్పాం కాబట్టి పీతలు, ఖైంగా సిద్ధం. పీత పులుసు ఆవపిండి వేసి చేశారు. పెదనాన్నగారు మొదటి కాలు విరిచి, గుంజు లాగి నోట్లో పెట్టుకుని చాలాసేపు ఏమీ అనలేదు. మేమందరం టెన్షన్‌గా చూస్తున్నాం. చివరికి "మసాలా వెయ్యడం తెలీదు వీళ్లకి. పీత మాత్రం పీతే" అన్నారు. రెండో పీత అడగకుండానే వడ్డించుకున్నారు. మా ఊళ్లో అయితేనా అన్న మాట ఖైంగా వేపుడు దగ్గర వచ్చింది, దాన్ని ఆపడం ఎవరివల్లా కాలేదు.

అమ్మకి, పెద్దమ్మకి నేను నిమ్మకాయ పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్లాను. హోటలువాళ్లు ఏమీ అనలేదు, ప్లేట్లు కూడా ఇచ్చారు. బయట ఛెనాపోడ (విరిగిన పాలతో కాల్చి చేసే స్వీటు) దొరికింది. కింద మాడిన అంచు ఉంటుంది చూడండి, ఆ గోధుమరంగు ముక్క కోసం పెద్దమ్మా, మా చిన్నోడూ పోటీ. పెద్దమ్మే గెలిచింది.

గోపాల్‌పూర్ మర్నాడు పొద్దున వెళ్లాం, నాని తమ్ముడు చెప్పినట్టు. ఆరోజు వంజరం పడలేదు, చిన్న చందువలు దొరికాయి. తమ్ముడి పిన్నిగారి కొట్టు ఏదో తెలీలేదు గానీ, వేపిన ఆవిడ ముక్కని కదపకుండానే చేసింది. మా అన్నయ్య పక్కనే నించుని "తిప్పండమ్మా, మాడిపోతుంది" అంటుంటే "మీరు అలా గాలికి తిరిగి రండి బాబూ" అని పంపేసింది.

తారాతారిణి టైము చాల్లేదు. మోమోలకి ఎవరూ ఒప్పుకోలేదు, మహేంద్రతనయగారు క్షమించాలి. వెళ్లేముందు బడబజార్లో అప్పడాలు, వడియాలు, ఊరగాయలు కొన్నారు. రాజమండ్రి వాళ్లు బరంపురంలో మామిడికాయ ఊరగాయ కొనుక్కెళ్లడం ఏమిటో! పెదనాన్నగారే రెండు సీసాలు తీసుకున్నారు, ఎవరికీ చెప్పొద్దన్నారు.

గోపాల్‌పూర్ నాని

ఆవిడ మా పిన్నే అయ్యుంటుంది. కస్టమర్లని గాలికి పంపేది ఒడ్డు మొత్తం మీద ఆవిడొక్కతే.

పలాస కొత్తమ్మాయి

ఇప్పుడే ఈ చర్చంతా చదివాను. మేము ఆరుగురం ఫ్రెండ్స్, పలాస నుంచి బైకుల మీద రంభ రావాలని ప్లాన్. ఆ బోట్లు ఏ టైముకి తీసుకుంటే మంచిది? మధ్యాహ్నం భోజనం ముందా, తర్వాతా?

చిల్కా చుట్టం

ముందే. తొమ్మిదిలోపు బోటు ఎక్కితే ఎండ ఉండదు, గాలి లేవకముందే తిరిగొచ్చేయొచ్చు. లైఫ్ జాకెట్ అడిగి మరీ వేసుకోండి, వాళ్లు ఇవ్వకపోతే ఎక్కొద్దు. ఎక్కేముందు పీతలు ఆర్డర్ చెప్పి వెళ్లండి, మీరు వచ్చేసరికి ఉడుకుతుంటాయి. తూకం కళ్లముందే, మర్చిపోకండి.